తెల్ల మొప్పల పుట్టగొడుగు: ఒక గుర్తింపు కేసు, మొదటి నుంచి చివరి దాకా

వానలు పడి, తెరిపి ఇచ్చిన నాలుగైదు రోజులకు ఒక ఇంటి ముందు పచ్చికలో పెద్ద పెద్ద తెల్ల పుట్టగొడుగులు లేచాయి. ఇంటాయన ఫొటో తీసి ఫోన్‌లోని గుర్తింపు యాప్‌లో పెట్టారు. అది 'మాక్రోలెపియోటా ప్రోసెరా' అని పేరు చెప్పేసింది. తినదగ్గదని బాగా పేరున్న రకమది. ఆ పేరుతో ఇంటర్నెట్‌లో వెతికితే వచ్చిన బొమ్మలు కూడా అచ్చం అలాగే ఉన్నాయి. దాంతో కోసుకొచ్చి, శుభ్రంగా కడిగి, సంచిలో వేసి ఫ్రిజ్‌లో పెట్టారు. వండబోయే ముందు ఎందుకో ఒక్కమాట అడుగుదామనిపించి నాకు ఫొటోలు పంపారు.

"సార్, ఇవి తినొచ్చు కదా?"

నేను చాలా కాలంగా శిలీంద్రాల గుర్తింపు పనిలో ఉన్నాను. వానాకాలం వచ్చిందంటే ఇలాంటి ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. చాలావాటికి రెండు మాటల్లో జవాబు చెప్పి ఊరుకుంటాను. ఈ కేసును మాత్రం పూర్తిగా రాస్తున్నాను. జాగ్రత్తపడే మనిషి కూడా ఎక్కడ దారి తప్పగలడో ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. పైగా ఆ సంచిలో ఎవరూ గమనించనిది ఇంకొకటి ఉంది.

నేను పంపిన మొదటి జవాబు: "వండకండి. అలాగని పారేయకండి కూడా. ఇంకా నేలలో ఉన్నవాటిని ముట్టుకోకుండా ఉంచండి. ఎవరైనా రుచి చూశారా?" ఎవరూ చూడలేదన్నారు. తిని ఉంటే ఈ కథ నా దగ్గర కాదు, ఆస్పత్రిలో మొదలయ్యేది.

ఫొటోల్లో ఉన్నవి, లేనివి

వచ్చిన ఫొటోలన్నీ పైనుంచి తీసినవే. టోపీ తెల్లగా ఉంది. నడిమధ్య గోధుమరంగు బిళ్ల, దాని చుట్టూ అదే రంగు పొలుసులు అంచువైపు పోనుపోను పలచబడుతూ ఉన్నాయి. పక్కన చెప్పు కనిపిస్తోంది కాబట్టి సైజు తెలిసింది: టోపీ జానెడు వెడల్పు. కింద పచ్చిక, పైన ఎండ. అంతే.

గుర్తింపుకు అసలు కావలసినవేవీ ఆ ఫొటోల్లో లేవు. టోపీ అడుగున నడుమ నుంచి అంచు దాకా పరుచుకుని ఉండే పలుచని రేకులనే మొప్పలంటాం. సిద్ధబీజాలు, అంటే పుట్టగొడుగుకు విత్తనాల్లాంటి స్పోర్లు, తయారయ్యేది వాటి మీదే. అవి కనిపించలేదు. కాడ మీద రింగు ఉందో లేదో తెలియదు. కాడ మొదలు నేలలో ఎలా ఉందో అసలే తెలియదు. యాప్ చూసిందీ ఈ ఫొటోలనే. టోపీ పైభాగం ఒక్కటే చూపిస్తే, దాన్ని పోలిన టోపీల్లో ఎక్కువ ఫొటోలున్న దాని పేరు చెప్పడం తప్ప యాప్ మాత్రం ఏం చేస్తుంది? దాన్ని తప్పుపట్టను. కానీ దాని మాట మీద పొయ్యి వెలిగించడం చాలా ప్రమాదం.

మొప్పల రంగు అడిగాను.

"తెల్లగా ఉన్నాయి సార్. ఆకుపచ్చ మొప్పలుండే విషపు రకం ఒకటుందని నేనూ చదివాను. అందుకే తిప్పి చూశాను. ఇవి అవి కావు."

ఈ కేసంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది. ఆయన నిర్లక్ష్యం చేసిన మనిషి కాదు. ప్రమాదకరమైన రకం ఒకటుందని చదివారు, దాని గుర్తు తెలుసుకున్నారు, పనిగట్టుకుని తిప్పి చూశారు. అయినా ఆ పరీక్షకు విలువ లేదు. ఆయన చదివిన రకం క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటీస్. దాని మొప్పలు లేతగా ఉన్నప్పుడు తెల్లగానే ఉంటాయి. సిద్ధబీజాలు పండే కొద్దీ ఆకుపచ్చ తిరుగుతాయి. టోపీ పూర్తిగా విచ్చుకున్నాక కూడా ఆ రంగు రావడానికి కొంత సమయం పట్టవచ్చు. ఇలాంటివి కోసేవాళ్లకు నచ్చేది కూడా సరిగ్గా ఆ లేత దశే.

ఆకుపచ్చ కనిపిస్తే అది దాదాపు ఖాయంగా ఆ రకమే. కనిపించకపోతే మాత్రం ఏమీ తేలనట్టే. ఒక లక్షణం ఉండటం ఒక విషయాన్ని రుజువు చేస్తుందంటే, అది లేకపోవడం దానికి వ్యతిరేకమైనదాన్ని రుజువు చేస్తుందని కాదు. నా దగ్గరికి వచ్చే తప్పుడు గుర్తింపుల్లో ఎక్కువ భాగం ఇక్కడ జారినవే.

ఏమేం కావచ్చు

కొత్త పుట్టగొడుగు చేతికి వచ్చినప్పుడు "ఇది దేన్ని పోలి ఉంది" అనే ప్రశ్నతో నేను మొదలుపెట్టను. పోలికలు ఎప్పుడూ దొరుకుతాయి. దీని వేషంలో ఉండగల రకాలు ఏమేమిటి, వాటిలో ఒక్కోదాన్ని తోసిపుచ్చే లక్షణం ఏది అని చూసుకుంటాను. అత్యంత ప్రమాదకరమైనదాన్ని ముందు పెడతాను.

ఆ లెక్కన మొదట వచ్చేది అమానిటా ప్రజాతి (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు). ప్రపంచంలో పుట్టగొడుగుల వల్ల జరిగే మరణాల్లో అత్యధికం అమానిటా ఫాలోయిడీస్, దాని దగ్గరి చుట్టాల వల్లే. తెల్ల మొప్పలు, తెల్ల సిద్ధబీజాలు, కాడ మీద రింగు, కాడ అడుగున సంచి లాంటి పొర. ఆ పొరనే వోల్వా అంటారు, చాలాసార్లు అది మట్టిలోనే ఉండిపోతుంది. కొన్ని అమానిటాల టోపీ మీద కూడా మచ్చలుంటాయి. కానీ అవి పుట్టుకలో కప్పిన పొర తాలూకు ముక్కలు, గోటితో గీరితే ఊడి వస్తాయి, గట్టి వానకు కొట్టుకుపోతాయి. మన కేసులో కనిపిస్తున్నవి టోపీ చర్మమే చిట్లి ఏర్పడిన పొలుసుల్లా ఉన్నాయి. ఫొటో చూసి అలా అనిపించడం వేరు, తేల్చి చెప్పడం వేరు. తేల్చాలంటే కాడ మొదలు కావాలి. ఇంటాయన వాటిని నేలకు రెండు అంగుళాల పైన చాకుతో కోశారు. వంటకు అది శుభ్రమైన పద్ధతి. గుర్తింపుకు మాత్రం అతి ముఖ్యమైన సాక్ష్యం మట్టిలో మిగిలిపోయింది.

తర్వాత యాప్ చెప్పిన మాక్రోలెపియోటా ప్రోసెరా. దాని కాడ మీద లేత రంగు నేపథ్యంలో గోధుమరంగు అడ్డపట్టీలు పాము చర్మంలా వంకరటింకరగా ఉంటాయి. కోస్తే లోపలి కండ ఎర్రబడదు. సిద్ధబీజాలు తెల్లవి. దానికి దగ్గరగా కనిపించేది క్లోరోఫిల్లమ్ రాకోడీస్. దాన్ని చాలాకాలం మాక్రోలెపియోటాలోనే ఉంచారు. డీఎన్ఏ ఆధారంగా 2002లో ఎల్సే వెల్లింగా క్లోరోఫిల్లమ్‌లోకి మార్చారు. కాడ నున్నగా ఉంటుంది. కోయగానే కండ నారింజ ఎరుపుకు తిరిగి, ఆపైన గోధుమరంగులోకి దిగుతుంది. దీని సిద్ధబీజాలు కూడా తెల్లవే.

అగారికస్ ప్రజాతిని పక్కన పెట్టడం తేలిక. మొప్పలు మొదట లేతగా ఉన్నా గులాబీ రంగులోకీ, చివరికి చాక్లెట్ గోధుమరంగులోకీ వెళ్తాయి, స్పోర్ ప్రింట్ (టోపీని బోర్లించి ఉంచితే రాలిన సిద్ధబీజాల అచ్చు) ముదురు గోధుమరంగులో వస్తుంది. లూకోఅగారికస్ ల్యూకోథైటీస్ కూడా పచ్చికలో తెల్లగా లేస్తుంది కానీ దాని టోపీ నున్నగా ఉంటుంది, ఇంత స్పష్టమైన పొలుసులుండవు. చెదపుట్టల మీద పెరిగే టెర్మిటోమైసీస్ ఉంది. 1942లో రోజర్ హైమ్ వర్ణించిన ప్రజాతి అది. దాని కాడ వేరులా సాగి భూమి లోపల చెదల గూటిదాకా పోతుంది, సిద్ధబీజాలు గులాబీ ఛాయలో ఉంటాయి. తవ్వి చూస్తే అదో కాదో వెంటనే తెలిసిపోతుంది.

చివరిది క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటీస్. ఫొటో చూసిన క్షణమే నాకు అనుమానం దీని మీదకు పోయింది. వెచ్చని వాతావరణం, పచ్చిక, వాన తర్వాత గుంపుగా లేవడం, నడుమ గోధుమరంగు బిళ్ల, అన్నీ దానికి సరిపోతాయి. అయినా దాన్ని జాబితాలో కావాలనే చివర రాసుకున్నాను. ముందే పేరు ఖాయం చేసుకుంటే కళ్లు ఆ పేరుకు సరిపోయేవాటినే వెతుక్కుంటాయి.

నేల మీద చూసినవి

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. మిగిలినవి ఇంకా లేతగానే ఉన్నాయి. కొన్ని కోడిగుడ్డు ఆకారంలో మూసుకుని ఉన్నాయి, రెండు మాత్రం సగం విచ్చుకున్నాయి. అన్నీ ఒక వంపు వరసలో లేచాయి. ఆ వంపు వెంట గడ్డి చుట్టుపక్కల కంటే ముదురు పచ్చగా, ఏపుగా ఉంది. నేల లోపల శిలీంద్రపు తీగల వల బయటికి వలయంగా విస్తరిస్తూ, సేంద్రియ పదార్థాన్ని కుళ్లబెట్టి నత్రజనిని విడుదల చేస్తుంది. గడ్డికి అదే ఎరువు. ఈ వలయాన్ని బట్టి ఇది చెట్ల వేర్లతో జత కట్టి బతికే రకం కాదు, కుళ్లిన పదార్థం మీద బతికేది అని ఒక మోస్తరుగా ఊహించవచ్చు. అమానిటాల్లో చాలా వరకు చెట్ల వేర్లతో జత కట్టేవే. అయితే చెట్టు వేరు పచ్చిక కిందకు ఎంత దూరమైనా పాకుతుంది కాబట్టి ఈ ఒక్క ఆధారంతో అమానిటాను కొట్టేయలేదు.

చాకును పక్కగా లోతుకు దింపి, మట్టితో సహా పెకలించాను. మట్టిని వేళ్లతో మెల్లగా రాల్చాను. కాడ మొదలు కొంచెం ఉబ్బి ఉంది. సంచి లేదు, ఉబ్బు చుట్టూ పొర ముక్కలు గానీ అంచు గానీ లేవు. ఇంకో రెండు తవ్వి చూశాను, అవీ అంతే. వేరులా సాగిన తోక కూడా లేదు. టోపీ మీది పొలుసును గోటితో లాగితే విడిగా ఊడిరాలేదు, కింది నార పోగులతో కలిసి చిరిగింది. అంటే అది చర్మంలో భాగమే. అమానిటా, టెర్మిటోమైసీస్ రెండూ ఇక్కడితో తప్పుకున్నాయి.

రింగును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని మెల్లగా పైకి తోస్తే కాడ మీద జరిగింది. మందంగా, రెండు అంచులతో, అడుగువైపు గోధుమరంగుగా ఉంది. కాడ నున్నగా, తెల్లగా ఉంది. చెయ్యి తగిలిన చోట కొంచెం గోధుమరంగు తిరిగింది. పాము చర్మం పట్టీలు ఎక్కడా లేవు. ప్రోసెరా చిన్నప్పటి నుంచీ ఆ పట్టీలతోనే పెరుగుతుంది, కాడ పొడవయ్యే కొద్దీ అవి ఇంకా విడివడి స్పష్టమవుతాయి. లేని పట్టీలు ఉన్నట్టుండి రావు. యాప్ ఇచ్చిన పేరుకు ఇక చోటు లేదు.

కాడను నిలువునా కోశాను. అడుగు భాగంలో కండ కాసేపటికి మసక ఎరుపు గోధుమరంగులోకి మారింది. రాకోడీస్‌లో ఇది కోసిన కొద్ది క్షణాల్లోనే, నారింజ రంగుతో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇక్కడ ఆ తీవ్రత లేదు. మోలిబ్డైటీస్‌లో ఎర్రబడటం ఒక్కో నమూనాలో ఒక్కోలా ఉంటుంది, కొన్నింటిలో అసలు కనిపించదు. కాబట్టి దీని మీద నేను బరువు పెట్టలేదు. మిగిలింది రెండు పేర్లు, వాటిని విడదీసే గట్టి లక్షణం ఒక్కటే: సిద్ధబీజాల రంగు.

స్పోర్ ప్రింట్

పద్ధతి తెలిసిందే. కాడను మొప్పల దగ్గరికంటా కోసేసి, టోపీని మొప్పలు కిందికి వచ్చేలా బోర్లించి, పైన ఒక నీటిచుక్క వేసి, గిన్నె మూసి వదిలేయాలి. కొందరు సగం తెలుపు, సగం నలుపు ఉన్న కాగితం వాడతారు. నేను గాజు పలక వాడతాను. గాజునైతే ఏ రంగు కాగితం మీద కావాలంటే దాని మీద పెట్టి చూసుకోవచ్చు, పైగా గీకడానికి వీలుగా ఉంటుంది.

సగం విచ్చుకున్న రెండు టోపీలనూ రెండు పలకల మీద పెట్టాను. మరుసటి రోజు పొద్దున ఒకదాన్ని ఎత్తి చూస్తే గాజు మీద పలుచగా, ఆవిరి పట్టినట్టు ఏదో ఉంది. నల్ల కాగితం మీద పెడితే తెల్లగా కనిపించింది. తెల్ల కాగితం మీద పెడితే దాదాపు ఏమీ లేదు. మొప్పలు ఇంకా తెల్లగానే ఉన్నాయి. ఆ పొరను చూసినవాళ్లెవరైనా 'స్పోర్ ప్రింట్: తెలుపు' అని రాసేస్తారు. ఆ ఒక్క మాటతో ఈ నమూనా రాకోడీస్ వైపు, అక్కడి నుంచి వంటింటి వైపు వెళ్లిపోయేది.

పలుచని పొర రంగును నమ్మకూడదు. ఏ రంగు పొడి అయినా ఒక్క వరస పరిస్తే పాలిపోయి కనిపిస్తుంది. అందుకని రెండో టోపీని ఎత్తకుండా ఇంకో రోజు అలాగే ఉంచాను. ఈసారి గాజు మీద మొప్పల గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా దిగాయి. కొత్త బ్లేడు తీసుకుని, గాజు మీద వాల్చి పట్టి, గీతలన్నిటినీ మెల్లగా ఒకచోటికి తోశాను. ఆవగింజంత కుప్ప అయింది. దాని మీద పలుచని గాజుబిళ్ల పెట్టి నొక్కాను. గదిలో పసుపు ఛాయ బల్బు వెలుగులో అది ఎండుగడ్డి రంగులో ఉంది, ఏమీ చెప్పడానికి లేదు. పలకను కిటికీ దగ్గరికి, పగటి వెలుగులోకి తీసుకెళ్లాను. బూడిద కలిసిన ఆకుపచ్చ. అనుమానానికి తావు లేదు. పక్కన తెల్ల కాగితం ముక్క పెడితే ఆ పచ్చదనం ఇంకా తేలింది. అప్పుడు మొదటి పలకను కూడా గీకి కుప్ప చేశాను. తెల్లగా కనిపించిన ఆ పొర కూడా కుప్పగా చేరేసరికి లేత పచ్చగా ఉంది.

మొప్పలున్న పెద్ద పుట్టగొడుగుల్లో ఆకుపచ్చ స్పోర్ ప్రింట్ చాలా అరుదు. టోపీ, పొలుసులు, జరిగే రింగు, సంచి లేని కాడ మొదలు, వీటన్నిటితో కలిపి ఆ రంగు వచ్చిందంటే ఇక మోలిబ్డైటీస్ తప్ప వేరే పేరు పెట్టడానికి లేదు.

మైక్రోస్కోప్ కింద కూడా చూశాను. తేలిపోయింది కదా అని అక్కడితో ఆగడం నాకు అలవాటు లేదు. ఆయిల్ లెన్సు కింద, వెయ్యి రెట్ల పెద్దదిగా చూస్తే సిద్ధబీజాలు నున్నగా, మందమైన గోడలతో, దీర్ఘవృత్తాకారంలో ఉన్నాయి. ఒక కొస కోసేసినట్టు చదునుగా ఉంది. మొలకెత్తే రంధ్రం ఉండేది అక్కడే. పొడవు 9 నుంచి 12 మైక్రాన్లు, వెడల్పు 6 నుంచి 8 మైక్రాన్ల మధ్య వచ్చాయి. అయోడిన్ కలిసిన మెల్జర్ ద్రావణం వేస్తే ఎర్ర గోధుమరంగుకు తిరిగాయి. చాలా అమానిటాల సిద్ధబీజాలు, ఫాలోయిడీస్‌తో సహా, ఇదే ద్రావణంలో నీలి నలుపుకు తిరుగుతాయి. అన్నీ ఒకే వైపు చూపించాయి.

డీఎన్ఏ పరీక్ష చేయించారా అని కొందరు అడుగుతారు. శిలీంద్రాలకు ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగాన్ని ప్రామాణిక బార్‌కోడ్‌గా 2012లో ప్రతిపాదించారు. దగ్గరి జాతులను విడదీయడానికి అది చాలా ఉపయోగం. కానీ పోల్చుకునే డేటాబేసుల్లో తప్పు పేర్లతో చేర్చినవీ ఉంటాయి. ఇక్కడ గాజు పలక, బ్లేడు, పగటి వెలుగుతో తేలిన దానికి అది అనవసరం.

తింటే ఏమయ్యేది

ఈ జాతిని 1818లోనే మేయర్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు దక్షిణ అమెరికా నమూనాల ఆధారంగా వర్ణించాడు, 1898లో జార్జ్ మాసీ క్లోరోఫిల్లమ్ అన్న ప్రజాతి పేరు పెట్టాడు. అంటే శాస్త్రానికి కొత్తదేమీ కాదు. అయినా ఉత్తర అమెరికాలో పుట్టగొడుగుల విషానికి ఎక్కువసార్లు కారణమయ్యేది ఇదే. మనుషులు తిరిగే చోట, పచ్చికలో, కంటికి నదురుగా లేస్తుంది మరి. తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో కడుపునొప్పి, ఆగని వాంతులు, విరేచనాలు మొదలవుతాయి, ఒక్కోసారి రక్తం కూడా పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు చికిత్సతో సాధారణంగా కోలుకుంటారు. పసిపిల్లలకు, వృద్ధులకు ఒంట్లో నీరంతా పోవడమే పెద్ద ప్రమాదం.

ఇంటాయన అడిగిన ప్రశ్నలు నాకు ముఖ్యమనిపించాయి. "పురుగులు తిన్నాయి కదా సార్, విషమైతే అవి తింటాయా?" తింటాయి. నత్తలు, పురుగులు అమానిటాలను కూడా తింటాయి. వాటి శరీరం వేరు, మన శరీరం వేరు. "బాగా ఉడికిస్తే?" ఉడికించినా నమ్మడానికి లేదు. అమానిటాల్లో ఉండే అమాటాక్సిన్లకైతే మంట ఒక లెక్కే కాదు. వెండి చెంచా నల్లబడటం, వెల్లుల్లి రంగు మారడం, టోపీ తొక్క ఒలవగలగడం, వీటిలో ఏ ఒక్కటీ పుట్టగొడుగు విషాన్ని చూపించదు. ఇవి ఇంకా జనం నోట్లో ఉన్నందుకు నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఇలాంటి పరీక్షలను నమ్మి తిన్నవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ముట్టుకుంటే ప్రమాదమా అని ఆయన భార్య అడిగారు. లేదమ్మా, చర్మం ద్వారా ఈ విషం ఎక్కదు, చేతులు కడుక్కుంటే చాలన్నాను. పచ్చికలో ఆడుకునే చిన్నపిల్లలు ఉన్నారు కాబట్టి లేచినవాటిని లేచినట్టే తీసేయమన్నాను. తీసేసినంత మాత్రాన నేలలోని వల చావదు, వానలకు మళ్లీ లేస్తాయి.

సంచి అడుగున ఉన్నది

వచ్చేసే ముందు ఫ్రిజ్‌లోని సంచిని తెప్పించి, అందులోవన్నీ ఒక కాగితం మీద ఒక్కొక్కటిగా పరిచాను. గుంపులో ఒకదాని పేరు తేలిందని మిగతా వాటికీ అదే పేరు అంటించను. ప్రతి ఒక్కదాన్నీ విడిగా చూస్తాను. పెద్దవన్నీ ఒకే రకం. అడుగున ఒక చిన్నది ఉంది. టోపీ బొటనవేలి పొడవు కన్నా తక్కువ, కాడ పెన్సిల్ కన్నా సన్నం.

"అది పిల్లది సార్, ఇంకా ఎదగలేదు" అన్నారు.

మోలిబ్డైటీస్ పిల్లది ఎలా ఉంటుందో అప్పటికే పచ్చికలో చూశాం. లావు కాడ మీద కోడిగుడ్డంత మూసుకున్న తల. అది పెద్దదయ్యాకే విచ్చుకుంటుంది. ఈ చిన్నదేమో అప్పటికే పూర్తిగా విచ్చుకుని, అంచు చదునై ఉంది. పూర్తిగా విచ్చిన చిన్న టోపీ పెద్ద రకానికి పిల్ల కాదు, చిన్న రకానికి పెద్దది. వయసును సైజు బట్టి కాక, టోపీ ఎంతవరకు విచ్చుకుందన్న దాన్ని బట్టి చూడాలి. ఈ తేడా కోసేవాళ్లలో చాలామందికి తట్టదు. ఒకే సంచిలో పడిన మరుక్షణం నుంచి అన్నీ ఒకటే అనిపిస్తాయి.

టోపీ మీద గులాబీ ఛాయ కలిసిన గోధుమరంగు పొలుసులు వలయాలుగా ఉన్నాయి. మొప్పలు తెల్లగా, కాడకు అంటకుండా ఉన్నాయి. కాడ మొదలు లేదు, కోసేశారు. కడిగినప్పుడు కాడ మీది పోగులు కూడా పోయినట్టున్నాయి, రింగు ఉండేదో లేదో చెప్పలేని స్థితి. దాని స్పోర్ ప్రింట్ తీస్తే, కుప్ప చేసి చూసినా తెలుపే. మైక్రోస్కోప్ కింద సిద్ధబీజాలు చిన్నవి, దీర్ఘవృత్తాకారం, రంధ్రం లేదు, మెల్జర్ ద్రావణంలో ఎర్ర గోధుమరంగు. ఇది లెపియోటా ప్రజాతి.

లెపియోటాలో కొన్ని జాతులకు తుపాకి గుండు ఆకారపు సిద్ధబీజాలుంటాయి, కొన్నింటికి దీర్ఘవృత్తాకారంవి. ప్రాణాంతకమైన లెపియోటా బ్రూనియోఇన్‌కార్నాటా రెండో గుంపులోది. అమానిటా ఫాలోయిడీస్‌లో ఉన్న అమాటాక్సిన్లే దానిలోనూ ఉంటాయి. ఆ విషం కణాల్లోని ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-2 అనే ఎంజైమును ఆపేస్తుంది, దాంతో కొత్త ప్రోటీన్ల తయారీ ఆగిపోయి కాలేయం దెబ్బతింటుంది. మోలిబ్డైటీస్‌లా గంట రెండు గంటల్లో బయటపడదు. సాధారణంగా ఆరు గంటలు దాటాకే, చాలాసార్లు పన్నెండు గంటల తర్వాత లక్షణాలు మొదలవుతాయి. వాంతులు, విరేచనాలు ఒక దశలో తగ్గి, బాగైనట్టే కనిపిస్తుంది. ఆ లోపల కాలేయం పాడవుతూనే ఉంటుంది.

ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. ఈ రెండూ కలిపి వండి ఉంటే, మొదటి రెండు గంటల్లో మోలిబ్డైటీస్ లక్షణాలు వచ్చేవి. తొందరగా వాంతులయ్యాయి కాబట్టి ఇది ప్రాణం తీసే రకం కాదని డాక్టర్లు కూడా అనుకునే వీలుంది. తొందరగా వచ్చిన లక్షణాలు, వెనకాల నెమ్మదిగా పనిచేస్తున్న విషం లేదని హామీ ఇవ్వవు. అడవి పుట్టగొడుగులు తిని ఒంట్లో బాగాలేని వాళ్లు వండగా మిగిలినవి, పచ్చివి, చెత్తబుట్టలో వేసిన కాడలతో సహా అన్నీ కాగితం సంచిలో వేసుకుని, తిన్న సమయం రాసుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. లక్షణాలు రాకముందే వెళ్లడం ఇంకా మంచిది. ప్లాస్టిక్ సంచిలో చెమ్మకు కుళ్లి ఏదీ గుర్తుపట్టలేకుండా పోతుంది.

పెద్దదాని రిపోర్టులో క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటీస్ అని రాశాను, దేని ఆధారంగా తేలిందో కూడా రాశాను. గాజు మీది సిద్ధబీజాల కుప్పను కాగితపు పొట్లంలో వేసి, మొదలుతో సహా ఆరబెట్టిన నమూనాకు జత చేశాను. చిన్నదాని పొట్లం మీద 'లెపియోటా, జాతి తేలలేదు, కాడ మొదలు లేదు, అమాటాక్సిన్లు ఉన్నట్టే భావించాలి' అని రాశాను. ఇంటాయనకు ఆ చివరి మాట సరిపోలేదు. పేరు చెప్పగలరు కదా, ఊహించైనా చెప్పండి అన్నారు. ఊహించి రాసిన పేరు రేపు ఎవరో ఆధారంగా తీసుకుంటారు, అది నేను చేయను అన్నాను. పచ్చికలో అది ఎక్కడ దొరికిందో చూపించమంటే గోడ పక్కన రాలిన ఆకుల కుప్ప దగ్గరికి తీసుకెళ్లారు. వలయం నుంచి బాగా దూరం. మళ్లీ అక్కడ చిన్నవి లేస్తే పీకకుండా నన్ను పిలవమన్నాను.